వీడియోలు చూడరు, అసైన్‌మెంట్ ఏఐతో రాయించేస్తారు. డిగ్రీలో ఇంకెలా చెప్పాలండీ?

కోనసీమ_కెమిస్ట్రీ

అందరికీ నమస్కారమండీ. అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ఆరేళ్ళయింది. సెకండియర్ బీఎస్సీలో 58 మంది ఉన్నారు.

పోయిన సెమిస్టర్‌లో ఎక్కడో ట్రైనింగ్‌లో ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అని విని, ఉత్సాహం ఆపుకోలేక, ఇంట్లో పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి కూర్చుని పన్నెండు వీడియోలు రికార్డ్ చేశాను, ఒక్కొక్కటి నలభై నిమిషాలు. పాఠం ఇంటి దగ్గర చూసి వస్తే క్లాసులో లెక్కలు చేయించొచ్చని నా ఆశ. మొదటి వీడియో 11 మంది చూశారు. రెండోది నలుగురు. మూడోది నేనూ మా ఆయనా.

సరే అని అసైన్‌మెంట్ మార్చాను. "మీ ఊరి నీళ్ళ నాణ్యత గురించి రాయండి" అన్నాను. అయిదు ఊళ్ళ పిల్లలు తెచ్చిన కాగితాల్లో అయిదు ఊళ్ళలోనూ పీహెచ్ 7.2, టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న పదార్థాల లెక్క) 340. ఒకడి దాంట్లో మంచు కరిగే కాలంలో నీటిమట్టం పెరుగుతుందని కూడా ఉంది. అల్లవరంలో మంచు!

2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియమే కదా, నోట్సులో పేరా ఉన్నది ఉన్నట్టు అడిగితే రాసేస్తారు, అదే ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తెల్ల కాగితం ఇస్తారు. 75 మార్కుల ఎక్స్‌టర్నల్ నా చేతిలో లేదు. 25 ఇంటర్నల్ మాత్రం ఉంది. ఆ పాతికతో ఏమైనా చేయొచ్చా? "పిల్లల్లో ఆసక్తి పెంచండి" లాంటివి మాత్రం వద్దండీ, అవి సెమినార్లలో చాలా విన్నాను.

ఫిజిక్స్_పాతకాపు

మేడమ్, నలభై నిమిషాల వీడియో నేనైనా చూడను, తప్పుగా అనుకోకండి. మాది భీమవరం వైపు, 19 ఏళ్ళుగా ఫిజిక్స్ చెప్తున్నాను, మీరు పడ్డ గోతిలో నేనూ పడ్డాను.

నాకు పనిచేసింది ఒక్కటే, క్లాసు మధ్యలో ఒక్క ప్రశ్న. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల మొదట్లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతి ఇది. ఆయన క్లాసులో పెద్ద పెద్ద లెక్కలు చేసే పిల్లలే న్యూటన్ సూత్రాల మీద మామూలు ప్రశ్నలకు తప్పులు రాశారట, ఒక అమ్మాయి అయితే "మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకునేట్టు రాయాలా" అని అడిగిందట. హార్వర్డ్‌లోనే అలా ఉంటే మన గురించి మనం అంత బాధపడక్కర్లేదు.

చేసే విధానం చెప్తాను. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్న బోర్డు మీద రాస్తాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు, ఎవరి ఆలోచన వాళ్ళదే. తర్వాత అందరూ తమ జవాబు అక్షరం ఉన్న కార్డు ఒకేసారి చూపించాలి. పక్కవాడి కార్డు చూసి మార్చకుండా గుండెకి ఆనించి పట్టుకోమంటాను. సరైన జవాబు ముప్ఫై నుంచి డెబ్బై శాతం మధ్య వస్తే ఏమీ చెప్పను, "నీలా కాకుండా వేరే జవాబు పెట్టినవాణ్ణి వెతుక్కుని వాదించు" అంటాను. రెండు మూడు నిమిషాలు సంత గోలే. మళ్ళీ కార్డులు, ఆ తర్వాతే నా వివరణ. డెబ్బై దాటితే రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్ళిపోవడమే, ముప్ఫై కూడా రాకపోతే పాఠం వాళ్ళకి అందలేదని అర్థం, మళ్ళీ మొదటికి రావాలి. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది, పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు, ప్రింట్ తీసిన కార్డులు పట్టుకుంటే మన ఫోన్ కెమెరాతో లెక్క వచ్చేస్తుంది. నేను మాత్రం అట్టముక్కలతోనే కానిచ్చేస్తున్నాను.

నేను వేసే ప్రశ్న ఒకటి: ధవళేశ్వరం లాకులో గేట్లు మూసి ఉన్నాయి, లోపల ఇసుక పడవ తేలుతోంది. ఇసుకంతా లాకు నీళ్ళలోకి ఎత్తిపోశారు. నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, మారదా? పెరుగుతుందని బల్లగుద్ది చెప్తారు. తగ్గుతుంది. ఇసుక పడవలో ఉన్నప్పుడు తన బరువుకు సరిపడా నీటిని పక్కకి నెడుతుంది, మునిగాక తన పరిమాణమంత నీటినే నెడుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం పేజీ నంబరుతో సహా అప్పజెప్పేవాడు కూడా ఇక్కడ బోల్తా పడతాడు.

వాదన తెలుగులో జరగనివ్వండి. చివర రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయించండి. అప్పుడు వచ్చే ఇంగ్లీషు తప్పులతడకగా ఉన్నా వాడి సొంతం.

బస్సుపాస్

మేడమ్ గారూ, నేను థర్డ్ ఇయర్, మీ కాలేజీ కాదు లెండి. స్టూడెంట్ వైపు నుంచి ఒక మాట. మా ఊరి బస్సు నాలుగూ ఇరవైకి, అది తప్పితే ఆటోకి డబ్బులు. ఇంటికెళ్ళాక అన్నయ్యతో చెరువు దగ్గర పని. రోజుకి వచ్చే డేటా సాయంత్రానికే అయిపోతుంది (ఎలా అయిపోతుందో అడక్కండి). నలభై నిమిషాల వీడియో ఎప్పుడు చూడమంటారు?

ఏఐతో రాయించడం గురించి కూడా నిజం చెప్తాను. మేం రాసింది ఎవరూ చదవరని మాకు తెలుసు. మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది కదా, మేం సర్వే ఫారాలు సగం పైగా ఒక ఫ్రెండు ఇంటి అరుగు మీద కూర్చుని నింపేశాం. స్పైరల్ బైండింగ్ బాగుందని మార్కులు వేశారు. కానీ ఒక రోజు నిజంగా వెళ్ళాం, ఒక మామ్మగారు కుళాయి నీళ్ళు పసుపుగా వస్తున్నాయని బిందె తెచ్చి చూపించింది, ఎందుకమ్మా అని అడిగింది. నలుగురు సైన్స్ స్టూడెంట్లం, నోరు తెరవలేకపోయాం. ఆ ప్రాజెక్టులో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఎక్సెల్‌షీట్_సార్

ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక నిరాశావాది మాట కూడా వినండి. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డ్‌లో 2014లో మన దేశానికి శాశ్వత సభ్యత్వం వచ్చినప్పటి నుంచీ మాకు ఔట్‌కమ్ బేస్డ్ ఎడ్యుకేషన్ పూనకం. అసలు ఆలోచన బంగారం లాంటిది: నువ్వు ఏం చెప్పావని కాదు, పిల్లాడు ఏం చేయగలుగుతున్నాడో చూడు అంటుంది. చేతికొచ్చేసరికి అది సీఓ (కోర్సు ఫలితాలు), పీఓ (ప్రోగ్రామ్ ఫలితాలు) పట్టికలైపోయింది. తనిఖీ కమిటీ వచ్చే ముందు వారం రాత్రిళ్ళు కూర్చుని, అటైన్‌మెంట్ (ఆ ఫలితాలు ఎంతవరకు అందాయనే స్కోరు) 2.4 రావాలంటే ఏ గడిలో ఏ అంకె వేయాలో వెనకనుంచి లెక్క కట్టుకొస్తాం. కాబట్టి కొత్త పద్ధతి అనగానే నాకు కొత్త రిజిస్టరు కనిపిస్తుంది.

అయినా పాతకాపు గారి మాటకి ఒకటి కలుపుతాను. మార్కులు ఎటుంటే పిల్లలు అటే వెళ్తారు. కార్డులతో వాదించి, చివరికి మిడ్‌లో "డిఫైన్" అని అడిగితే రెండో నెలకే కార్డులు అటకెక్కుతాయి. నేను మిడ్ పరీక్షని రెండు అంచెలుగా పెడుతున్నాను. గంట సేపు ఎవరిది వాళ్ళు రాసి ఇచ్చేయాలి. తర్వాత నలుగురేసి కూర్చుని అదే పేపరు మళ్ళీ, ఒక్క జవాబు పత్రం. మార్కుల్లో 85 శాతం సొంతానికి, 15 శాతం గుంపుకి. పరీక్ష అయ్యాక పేపరు చించి పారేసే వయసువాళ్ళు, అయిన పది నిమిషాలకే దాని మీద కొట్టుకోవడం చూస్తే నా నిరాశావాదం కాస్త సడలింది.

ఇంకోటి. "సారు పాఠం చెప్పట్లేదు, మాచేతే చెప్పిస్తున్నాడు" అని కంప్లయింట్ తప్పకుండా వెళ్తుంది, ముందే ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి పెట్టుకోండి. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనే చేసిన ఒక స్టడీలో తేలింది కూడా ఇదే: చర్చలతో నేర్చుకున్నవాళ్ళకి టెస్టులో మార్కులు ఎక్కువ వచ్చాయి, కానీ ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నది మాత్రం చక్కటి లెక్చర్ విన్నవాళ్ళు. సాఫీగా వింటే అర్థమైపోయినట్టే ఉంటుంది మరి. ప్రిన్సిపాల్ గారికి అంకెలు కావాలంటే 2014లో ఫ్రీమన్ అనే పరిశోధకుడి బృందం 225 స్టడీలు కలిపి చూసింది, ఉత్త లెక్చర్ క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఉందని తేల్చింది. అమెరికా తరహా క్లాసుల లెక్క అది, మన దగ్గర అచ్చంగా అంతే ఉంటుందని నేననను.

చెరువుగట్టు

నేను మాస్టార్ని కాదండీ, బీఎస్సీ చదివి రొయ్యల చెరువు చేసుకుంటున్నాను. మేడమ్ గారికి ఒక ప్రశ్న ఇస్తాను, పాతికేళ్ళ అనుభవం ఉన్న రైతుని అడగండి, మీ క్లాసుని అడగండి. చెరువు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఎప్పుడుంటుంది? తెల్లవారే ముందా, మధ్యాహ్నం రెండింటికా, సాయంత్రం ఆరింటికా, అర్ధరాత్రా? రాత్రంతా ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) ఎందుకు తిప్పుతాం, కరెంటు పోతే జనరేటర్ కోసం ఎందుకు పరిగెడతాం అనేది ఈ జవాబులోనే ఉంది. నేను డిగ్రీలో ఉండగా ఈ ముక్క నన్ను ఎవరూ అడగలేదు.

కోనసీమ_కెమిస్ట్రీ

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. చెరువుగట్టు గారి ప్రశ్న ఉన్నదున్నట్టు వేశాను. ఆ రోజు వచ్చింది 46 మంది. తెల్లవారే ముందు అన్నవాళ్ళు 15, మధ్యాహ్నం 22, సాయంత్రం 2, అర్ధరాత్రి 7.

తమాషా ఏంటంటే మధ్యాహ్నం అన్నవాళ్ళు బాగా చదివే పిల్లలు. వేడి పెరిగితే నీళ్ళలో గ్యాస్ తక్కువ కరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములుంటే 30 దగ్గర ఏడున్నర అని నేనే చెప్పాను! వాదన మొదలయ్యాక వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడు లేచి "ఒరేయ్, మీరెప్పుడైనా పొద్దున్నే చెరువు చూశారా? నాలుగింటికి రొయ్య పైకి తేలిపోద్ది, మధ్యాహ్నం ఎప్పుడైనా తేలిందా?" అన్నాడు. ముందు బెంచీ అమ్మాయి కాసేపు ఆలోచించి, పగలైతే నీళ్ళలో నాచు ఫొటోసింథసిస్ చేస్తుంది కదా, రాత్రి అదీ ఊపిరి పీల్చేదే, రొయ్యా పీల్చేదే, చేసేవాళ్ళు లేరు వాడేవాళ్ళే అంది. రెండో ఓటింగ్‌లో 37 మంది తెల్లవారే ముందు అన్నారు. ఆ కుర్రాడికి అనుభవం ఉంది కారణం లేదు, ఆ అమ్మాయికి కారణం ఉంది చెరువు లేదు. ఇద్దర్నీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టాలని ఆరేళ్ళలో నాకు తోచలేదు.

ఇప్పుడు 25 మార్కుల్లో 10 దీనికే పెట్టాను. నలుగురేసి ఒక చెరువు ఎంచుకుని, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి శాంపిల్ తెచ్చి, కరిగిన ఆక్సిజన్ ఎంతుందో కొలిచే వింక్లర్ టైట్రేషన్ చేయాలి. రిపోర్టు ఒక్క పేజీ, ఏఐతో రాయించుకున్నా నాకు అభ్యంతరం లేదని చెప్పేశాను. మార్కులు వైవాకి, అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగే ప్రశ్నలకి. మనిషికి నాలుగు నిమిషాలు, 58 మందికి నాలుగు గంటల లోపు, రెండు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. పేపర్లు దిద్దడానికి ఇంతకంటే ఎక్కువే పట్టేది.

చెరువుగట్టు

బాగుందండీ, కానీ రొయ్యల చెరువు దగ్గరికి మాత్రం పిల్లల్ని పంపకండి. ఒక చెరువులో ముంచిన సీసా ఇంకో చెరువులో ముంచితే వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు మోసుకొచ్చినట్టే, ఏ రైతూ గట్టెక్కనివ్వడు, నేనైనా సరే. ఊరి మంచినీళ్ళ చెరువు పెట్టుకోండి. కాలువలు కట్టేసే లోపు కాలువ నీళ్ళు కూడా చూడొచ్చు.

కోనసీమ_కెమిస్ట్రీ

అమ్మో, మంచి మాట చెప్పారు, ఈ రోజే గ్రూపులో పెడతాను. నిన్న మా ఊరి మంచినీళ్ళ చెరువు దగ్గర నేనే ఒకసారి చేసి చూశాను, తెల్లారుజామున అయిదింటికి టార్చిలైటుతో. 300 మిల్లీలీటర్ల సీసాలో బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడు వేసి మూత బిగించి తిప్పితే గోధుమరంగు మడ్డి దిగింది, తెల్లగా దిగితే ఆక్సిజన్ లేదని అర్థం. చెరువు గట్టు మీదే ఆ రెండూ వేసేయాలి, లేకపోతే ల్యాబుకి వచ్చేసరికి అంకె మారిపోతుంది. ల్యాబులో థయోసల్ఫేట్‌తో చివరికొచ్చాక స్టార్చ్ వేస్తే నీలం రావాలి కదా, బురద ఊదా రంగు వచ్చింది. ఎందుకంటారు?

ఫిజిక్స్_పాతకాపు

నాది ఫిజిక్సే కానీ పక్క ల్యాబు వాళ్ళని అడిగాను. స్టార్చ్ ఎప్పుడు చేసింది మేడమ్?

కోనసీమ_కెమిస్ట్రీ

పోయిన నెల 😅

ఫిజిక్స్_పాతకాపు

పారబోయండి. ఏ రోజుది ఆ రోజే కాచుకోమంటున్నారు.