ఫ్రిజ్ లేకుండా డల్లాస్ ఎండల్లో ఏ బీరు చేసుకోవచ్చు?

డల్లాస్‌లో అపార్ట్‌మెంట్, 20 లీటర్ల బ్యాచ్. జూలైలో ఏసీ నడుస్తున్నా అల్మరాలో 26 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు ఈస్ట్ పుట్టించే వేడికి బీరు పులిసే బకెట్ లోపల ఇంకో 3–4 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి అసలు లెక్క 30. ఆ వేడిలో మామూలు ఏల్ (గది వేడిలో పులిసే బీరు) ఈస్ట్‌తో ఫ్యూసెల్ ఆల్కహాల్ అనే ఘాటైన ఆల్కహాల్ రకాలు పుట్టి గొంతు మండుతుంది. చల్లగా పులియాల్సిన లాగర్ ఊసే వద్దు. తడి టీషర్టు, ఫ్యాన్ పెట్టినా తగ్గేది కొద్దిగానే.

మిగిలినవి రెండు. ఒకటి బెల్ సైసాన్ ఈస్ట్‌తో సైసాన్ (బెల్జియం పల్లె తరహా ఏల్). ఈ ఈస్ట్ డెక్స్‌ట్రిన్లను (మామూలు ఈస్ట్ తినలేని చక్కెర గొలుసులను) కూడా మెల్లగా తినేసే రకం, గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత, చక్కెర తగ్గేకొద్దీ పడుతుంది) 1.004 కిందికీ పోవచ్చు. తొందరపడి సీసాల్లో నింపితే లోపల ఇంకా పులిసి గ్యాస్‌తో పేలిపోవచ్చు. గ్రావిటీ రీడింగ్ ఎన్నాళ్లు కదలకుండా ఉంటే నమ్మొచ్చు? వారం చాలా, రెండు వారాలు ఆగాలా?

రెండోది వోస్ క్వైక్ (నార్వే పల్లెల ఈస్ట్)తో, మొదటి గ్రావిటీ 1.050 ఉండే పేల్ ఏల్. ఆ ఈస్ట్‌కి 35 డిగ్రీల పైనే ఇష్టం కదా, 30 దగ్గర దాని పేరున్న నారింజ వాసన వస్తుందా? వేడి నిలవడానికి బకెట్‌కి దుప్పటి చుట్టాలా? ఈస్ట్ న్యూట్రియంట్ (ఈస్ట్‌కి వేసే పోషకం) మామూలు మోతాదు సరిపోతుందా, రెట్టింపు వేయాలా?

గోధుమ మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమతో) చేసే జర్మన్ బీరు హెఫెవైజెన్ వద్దు, ఈ వేడికి అరటిపండు వాసన మరీ ఎక్కువవుతుంది. ఇవి కాక 30 డిగ్రీలకు తట్టుకునే స్టైల్ ఏదైనా ఉంటే ఈస్ట్ పేరుతో సహా చెప్పండి.