రెండు పట్టుచీరలిచ్చి మూడు రీల్స్ అడుగుతున్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. తిరుపతిలో తిండి, షాపింగ్ మీద రీల్స్ చేస్తుంటాను. ఇన్‌స్టాలో 38 వేల మంది ఫాలోవర్లున్నారు. ఇప్పటిదాకా టిఫిన్ సెంటర్ల వాళ్లు "వచ్చి ఒక ప్లేటు తిని చూపించమ్మా" అనడమే గానీ డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఊళ్లో ఒక పెద్ద చీరల షాపు వాళ్లు పిలిచారు. రెండు పట్టుచీరలు ఇస్తారట. ఒకటి 9 వేలు, ఇంకొకటి 14 వేలు. నేను మూడు రీల్స్ చేయాలి. వాటిని వాళ్ల పేజీలో, యాడ్స్‌లో, షాపు టీవీలో కూడా వేసుకుంటారట. "పెయిడ్ అని మాత్రం పెట్టొద్దు, జనం నమ్మరు" అన్నారు. ఒక రీల్ అలిపిరి మెట్ల దగ్గర గోపురం కనిపించేలా తీయాలట. డబ్బు అడిగితే ఈ అవకాశం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. శుక్రవారం లోపల చెప్పాలి.

చిత్తూరు నుంచి, మార్కెటింగ్ పని చేసే అక్క

చెల్లీ, నేను అవతలి పక్క మనిషిని. షాపులకు రీల్స్ చేసేవాళ్లను వెతికిపెట్టడమే నా పని. కాబట్టి మేం ఏం చూస్తామో చెప్తాను.

ఫాలోవర్ల అంకె చివర్లో చూస్తాం. ముందు ఈమధ్య పెట్టిన పది పదిహేను రీల్స్ తీసి, బాగా పేలినదాన్ని పక్కన పెట్టి, మిగిలినవాటికి మామూలుగా ఎన్ని వ్యూస్ వస్తున్నాయో లెక్కేస్తాం. తర్వాత కామెంట్లు. "సూపర్", మంట బొమ్మలు ఎన్నున్నా మాకు పనికిరావు. "రేటెంత", "ఎక్కడుంది షాపు", "ఆదివారం తెరిచి ఉంటుందా" అని అడిగేవాళ్లుంటే అక్కడ అమ్మకం ఉంది. సేవ్‌లు, షేర్‌లు కూడా అంతే. ఇన్‌స్టా మీకు చూపించే లెక్కల పేజీ (ఇన్‌సైట్స్)లో చూసేవాళ్ల ఊళ్లు ఉంటాయి, దాని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తిరుపతి, చిత్తూరు, రేణిగుంట, శ్రీకాళహస్తి ఎక్కువగా ఉంటే రేటు ధైర్యంగా చెప్పొచ్చు.

రేటును రెండుగా విడగొట్టండి. షూట్, ఎడిటింగ్, మీ పేజీలో పోస్ట్ చేయడం, ఇది ఒక ధర. ఆ వీడియోను వాళ్లు యాడ్‌గా వాడుకోవడం వేరే ధర, దానికి గడువు కూడా పెట్టాలి. ఉదాహరణకు రీల్ 6 వేలు అనుకుంటే, నెల రోజులు యాడ్‌లో వాడుకోవడానికి ఇంకో 2 వేలు. చాలామంది ఇక్కడే మోసపోతారు. గడువు లేకపోతే మీ ముఖం ఆ షాపు యాడ్‌లో ఏళ్ల తరబడి తిరుగుతుంది. రేపు ఇంకో చీరల షాపు మిమ్మల్ని పిలవాలన్నా వెనకాడుతుంది. నిజం చెప్పాలంటే మూడు రీల్స్, యాడ్స్, టీవీ అన్నీ కలిపి రెండు చీరలకు అడగడం చాలా చౌక బేరం.

తిరుచానూరు సభ్యుడు

అక్కా, ఊళ్ల లెక్క దగ్గర మాత్రం ఒప్పుకోను. తిరుపతి సంగతి వేరు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు ఎలాగూ దర్శనానికి వస్తారు, కొండ దిగి తిరుగు ప్రయాణంలో చీరలు కొంటారు. హోటలుకైనా చీరల షాపుకైనా బయట ఊరి వ్యూస్ కూడా గిరాకీయే. సెల్‌ఫోన్ రిపేరు షాపుకైతే మీరు చెప్పింది కరెక్ట్.

చిత్తూరు అక్క

అది నిజమే తమ్ముడూ. అయితే ఆ రీల్‌లో రైల్వే స్టేషన్ నుంచి, బస్టాండు నుంచి షాపుకు ఎలా రావాలో చూపించాలి. లేకపోతే బయటివాళ్లు చూసి వదిలేస్తారు.

ఆడిటర్ ఆఫీసులో పనిచేసే సభ్యుడు

చీరలు కూడా ఆదాయమేనమ్మా. 2022 జులై 1 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఒక వ్యాపారి ఏడాదిలో మీకిచ్చిన వస్తువుల విలువ 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా పట్టుకుని కట్టే ఆదాయపన్ను) వర్తిస్తుంది. మీవి రెండూ కలిపి 23 వేలు, అంటే 2,300. చీరలోంచి టీడీఎస్ కోసుకోలేరు కదా! అందుకని మీరు పన్ను కట్టిన రుజువు షాపు వాళ్లు అడుగుతారు, లేదా వాళ్లే కడతారు. ఎవరు కడతారన్నది ముందే తేల్చుకోండి. అమ్మకాలు కిందటి ఏడాది కోటి దాటని సొంత వ్యాపారికి ఈ బాధ్యత ఉండదు గానీ, మీరు పెద్ద షాపు అంటున్నారు. టీడీఎస్ పట్టినా పట్టకపోయినా ఆ విలువను మీ ఆదాయపన్ను రిటర్న్‌లో చూపించాలి. షూట్ అయ్యాక చీరలు తిరిగిచ్చేస్తే మాత్రం ఈ గొడవ లేదు. అద్దెకు తెచ్చుకున్నట్టు కట్టుకుని, వాపసు ఇచ్చి, డబ్బు తీసుకోవడం మేలని నా అభిప్రాయం. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గురించి బెంగ వద్దు.

మరో సభ్యురాలు, తిరుపతి

"పెయిడ్ అని పెట్టొద్దు" అన్నారే, ఆ ఒక్క మాటకే నేనైతే వద్దంటాను. డబ్బు తీసుకున్నా, ఉచితంగా వస్తువు తీసుకున్నా చూసేవాళ్లకు చెప్పి తీరాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. రీల్ తెలుగులో ఉంటే ఆ మాట కూడా తెలుగులోనే ఉండాలి. వీడియోలో కనిపించాలి, వినిపించాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. ప్రకటనల మండలి (ప్రకటనల రంగం తనకు తానే పెట్టుకున్న సంస్థ, ఆస్కీ) లెక్క ప్రకారం 15 సెకన్లు దాటి రెండు నిమిషాల లోపున్న వీడియోలో మూడో వంతు సేపు ప్రకటన అన్న ముద్ర ఉండాలి. 30 సెకన్ల రీల్‌లో 10 సెకన్లన్నమాట. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు, అది షాపుకూ, మీకూ కూడా. ఈ మాట వాళ్ల చెవిన వేయండి, దారికొస్తారు. జనం నమ్మరన్నది కూడా ఉత్త మాటే. చీర అంచు, బరువు, జరీ దగ్గరగా చూపించి రేటు చెప్పండి, ప్రకటన అని తెలిసినా కొనేవాళ్లు కొంటారు.

ఇంకోటి, సినిమా పాట పెట్టకండి. యాప్‌లో దొరికే పాటలు మన సరదా వీడియోలకు. షాపు ఆ రీల్‌ను డబ్బు పెట్టి ఎక్కువమందికి చూపిద్దామంటే (బూస్ట్) పాట అడ్డొస్తుంది. మీ గొంతుతో చెప్పి, వెనక ఇన్‌స్టా కంపెనీ మెటా ఉచితంగా ఇచ్చే సంగీతం వాడండి.

తిరుచానూరు సభ్యుడు

అలిపిరి దగ్గర షాపు రీల్ వద్దే వద్దు. అభ్యంతరకరమైన రీల్స్ తీస్తే చట్టపరంగా చర్యలు తీసుకుంటామని టీటీడీ 2025లోనే చెప్పింది. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ భక్తులు నడిచే దారిలో చీరల ప్రకటన ఎవరికో ఒకరికి నచ్చదు, కామెంట్లలో నలిగేది మీరే. చంద్రగిరి కోటలో తీద్దామంటారేమో, అది కేంద్ర పురావస్తు శాఖ కిందది, వ్యాపార చిత్రీకరణకు అనుమతి కావాలి. షాపులోనే తీయండి, వాళ్ల సరుకు ఉన్నది అక్కడే కదా.

చిత్తూరు అక్క

వాట్సాప్‌లో ఇలా పంపు చెల్లీ, మూడు కాదు, రెండు రీల్సే చెప్పు. అగ్రిమెంటు లేకపోయినా ఇదే రాతపూర్వకంగా ఉంటుంది:

"నమస్తే అండీ. రెండు రీల్స్, ఒక్కొక్కటి 30 నుంచి 45 సెకన్లు, షాపులోనే షూట్. ప్రకటన అని రాస్తాను. సగం డబ్బు షూట్‌కు ముందు, మిగతాది పోస్ట్ చేసిన రోజున. మార్పులు రెండుసార్ల వరకు. మీ పేజీలో పెట్టుకోవచ్చు. యాడ్స్‌కు, టీవీకి వాడాలంటే నెలకు ఇంత. చీరలు షూట్ అయ్యాక తిరిగిచ్చేస్తాను."

ఈ వాక్యాలు చూసి కోపం తెచ్చుకునే షాపు, తర్వాత డబ్బు ఇచ్చేటప్పుడు కూడా ఏడిపిస్తుంది. ఆన్‌లైన్ బెట్టింగ్ యాప్‌ల వాళ్లు వచ్చి దీనికి పదింతలు ఇస్తామన్నా ఫోన్ పెట్టేయ్. 2025లో వచ్చిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేసినా జైలు శిక్ష పడొచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. పైన ఉన్న మెసేజే పంపాను. రెండు రీల్స్‌కు డబ్బు ఇస్తామన్నారు, యాడ్స్ మాట ఇప్పుడే వద్దన్నారు. అలిపిరి వదిలేశారు. ఒక్క మెలిక పెట్టారు: పోస్ట్ చేయకముందు వీడియో వాళ్లు చూసి ఓకే చెప్పాలట. ఇవ్వొచ్చా?

చిత్తూరు అక్క

ఇవ్వు. రేట్లు, అడ్రసు, ఆఫర్ తేదీలు తప్పు పోకుండా చూడటం వాళ్ల హక్కు. నువ్వు చీర గురించి అన్న మాటలు మార్చమంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఒకరోజులో చెప్పకపోతే పోస్ట్ చేసేస్తానని కూడా ముందే రాసెయ్, లేకపోతే వీడియో వాళ్ల ఫోన్‌లో పడి ఉంటుంది, మిగతా సగం డబ్బూ అక్కడే ఆగుతుంది.