జర్మనీలో ఉన్న మా అబ్బాయి ఓటు, ఆ తర్వాత చదువు: తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా వాడు ఇక్కడే హైస్కూల్ అవగానే అమెరికా ఆర్మీలో చేరాడు. పౌరసత్వం అక్కడ ఉండగానే వచ్చింది. ఇప్పుడు జర్మనీలో ఉన్నాడు.

పోయిన ఎన్నికల్లో వాడి బ్యాలెట్ పోలింగ్ అయిపోయిన తొమ్మిది రోజులకు చేతికందింది. విప్పని కవరు వీడియో కాల్‌లో చూపించి, "నా మొదటి ఓటమ్మా" అన్నాడు. ఆ మొహం మర్చిపోలేకపోతున్నాను. సైనికులు, విదేశాల్లో ఉన్న ఓటర్ల కోసం తెచ్చిన 2009 చట్టం ప్రకారం, ముందుగా అడిగినవాళ్లకి బ్యాలెట్ ఎన్నికలకు 45 రోజుల ముందే పంపాలి కదా! ఈసారి జనవరిలోనే ఫెడరల్ పోస్ట్‌కార్డ్ దరఖాస్తు (ఇలాంటి ఓటర్లు బ్యాలెట్ అడిగే ఫారం) పెట్టించి, బ్యాలెట్ ఈమెయిల్‌లో అడగమంటున్నాను. ప్రింటు తీసి పోస్టులో వెనక్కి పంపితే టెక్సస్ చేరడానికి మీ పిల్లలకు ఎన్ని రోజులు పట్టింది? అసలు బ్యాలెట్ రాకపోతే దాని బదులు పేర్లు మనమే రాసి పంపే ఫెడరల్ రైట్-ఇన్ బ్యాలెట్ వాడినవాళ్లెవరైనా ఉన్నారా?

రెండోది చదువు. వచ్చే వేసవికి వాడి సర్వీసు అయిపోతుంది. టెక్సస్ హేజిల్‌వుడ్ చట్టం కింద మాజీ సైనికులకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో 150 క్రెడిట్ అవర్ల దాకా ట్యూషన్ మాఫీ ఉంది. మాజీ సైనికుల చదువుకి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం, జీఐ బిల్లు, 36 నెలలు ఉంటుంది, అందులో ఇంటి అద్దె భత్యం కూడా వస్తుంది. హేజిల్‌వుడ్‌లో అది లేదు. అందుకే డిగ్రీకి జీఐ బిల్లు వాడుకుని, హేజిల్‌వుడ్‌ని మాస్టర్స్‌కి దాచుకోమంటున్నాను. ఇలా చేసినవాళ్లుంటే చెప్పండి. డీడీ-214లో (సర్వీసు అయ్యాక సైన్యం ఇచ్చే విడుదల పత్రం) చేరినప్పటి రాష్ట్రం టెక్సస్ అని ఉంటే సరిపోయిందా, ఇంకేం కాగితాలు అడిగారు?