‘బ్లూస్’ని ‘విషాద గీతాలు’ అనొచ్చా?

ప్రశ్న: అమెరికా నల్లజాతివారి సంగీతం ‘బ్లూస్’కి తెలుగులో ‘విషాద గీతాలు’ సరిపోతుందా, ‘నీలి పాటలు’ అనాలా? కొత్తగా వినేవాళ్లకు ఏ పాటలతో మొదలుపెట్టమని చెప్పాలి?

జవాబు (మొదటి సభ్యుడు): ‘నీలి’ మాత్రం వద్దండి. నీలాపనింద, నీలిచిత్రాలు... మన దగ్గర ఆ మాట పోకడే వేరు, దిగులు అన్న అర్థం దానికి లేదు. ఇంగ్లీషులో మనసును పట్టి పీడించే దిగుల్ని ‘బ్లూ డెవిల్స్’ అనేవారు. ‘బ్లూస్’ దాని కుదింపే. కాబట్టి మనఃస్థితి చెప్పేచోట హాయిగా ‘దిగులు’ అని రాయండి. సంగీతం పేరైతే ‘బ్లూస్’ అనే ఉంచండి. సినారె రాసిన గజళ్లను మనం గజళ్లనే అంటున్నాం కదా.

‘విషాద గీతం’ అంటే అర్థమే తప్పుతుంది. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1954లో పాడిన ‘హూచీ కూచీ మ్యాన్’ వినండి. విల్లీ డిక్సన్ రాసిన ఆ పాట మొదటి నుంచి చివరిదాకా తన గొప్ప తాను చాటుకోవడమే. అందులో ఏడుపు ఎక్కడుంది?

ఇంకో సభ్యుడు: పై మాట నిజం. బ్లూస్‌ను భావంతో కాక నిర్మాణంతో గుర్తుపట్టాలి. ఎక్కువ పాటల్లో చరణానికి మూడు వరుసలు. మొదటి వరుసనే రెండోసారి పాడతారు, మూడోది దానికి జవాబు. తెలుగులో చూపిస్తే ఇలా ఉంటుంది:

వాన రాలేదు, బావి కూడా అడుగంటింది
అయ్యో, వాన రాలేదు, బావి కూడా అడుగంటింది
మబ్బేమో పట్టింది గానీ, నా చేను వైపు చూడనంది

తాళంలో నాలుగు దెబ్బలు ఒక బార్, నాలుగు బార్లు ఒక వరుస, మొత్తం 12 బార్లు. వరుసలో సుమారు సగం గొంతుది, మిగతా సగం వాద్యానిది. ఆ వాద్యం చేసే పని వంతపాట లాంటిదే, అయితే అన్నమాటనే తిరిగి అనదు, బదులిస్తుంది. ఆధారస్వరం (పాట కింద నిలిచి, మధ్యమధ్య మారే స్వరం) మొదటి వరుసకు షడ్జమం, అయిదో బారులో మధ్యమం, తొమ్మిదో బారులో పంచమం. ఈ మూడు మలుపులు చెవికి పట్టుబడితే చాలు.

అందుకు బీ.బీ. కింగ్ ‘ద థ్రిల్ ఈజ్ గాన్’ (1969) నా మొదటి ఎంపిక. నడక నిదానం, లెక్క తప్పదు. తొమ్మిదో బారులో మాత్రం ముందు శుద్ధ ధైవతం తాకి, పదో బారులో పంచమానికి వస్తుంది. తర్వాత బెస్సీ స్మిత్ 1925లో పాడిన ‘సెయింట్ లూయిస్ బ్లూస్’. గిటారే లేదు. హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉంటే, ప్రతి వరుసకూ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యం) బదులు చెబుతుంది. ఈ బదులు అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా ఇంకెక్కడా వినపడదు! మధ్యలో ఒక భాగం 16 బార్లు, అక్కడ లెక్క తప్పితే కంగారు పడకండి. ‘హూచీ కూచీ మ్యాన్’ కూడా 16 బార్లే. హౌలిన్ వుల్ఫ్ ‘స్మోక్‌స్టాక్ లైట్నింగ్’ (1956) అయితే ఒకే ఆధారం మీద సాగుతుంది, లెక్క మానేసి గొంతు వినాలి.

మొదటి సభ్యుడు: చాలామంది పాతతరం బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 1936, 37ల్లో ఆయన రికార్డు చేసినవి 29 పాటలే, అన్నీ అమూల్యం. కానీ పాతకాలపు 78 ఆర్పీఎం రికార్డుల గరగర ఒకటి, ‘క్రాస్ రోడ్ బ్లూస్’లో లాగా దెబ్బలు పెంచీ తగ్గించీ పాడే స్వేచ్ఛ ఒకటి, రెండూ కొత్త చెవికి అడ్డం. ఆయన పాటలు వీటి తర్వాతకు ఉంచండి. ఫోన్ స్పీకరులో అసలు వినొద్దు, కింది తీగల మోత పోతే ఆధారం మారింది తెలియదు.

అడిగినవారు: ధన్యవాదాలండి. మరి ‘బ్లూ నోట్’ని ఏమనాలి?

ఇంకో సభ్యుడు: అలాగే ఉంచి ఒక్క వాక్యం చేర్చండి: ‘సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఊగే స్వరం’. పియానో మీద ఆ చోటుకు మెట్టు లేదు. గిటారులో తీగ లాగితేనో, గాజు గొట్టంతో జారు పట్టితేనో దొరుకుతుంది.