ఏసీ నాబ్‌ల వెనుక బల్బులు: ఎల్‌ఈడీలు వేయించాలా, పాతవే ఉంచాలా?

మర్రిపాలెం_మాస్టారు:
సభ్యులకు నమస్కారం. మాది 2005 నాటి కారు. ఏసీ నాబ్‌ల వెనుక వెలిగే మూడు చిన్న బల్బుల్లో రెండు పోయాయి, మూడోది కూడా రేపో మాపో అన్నట్టుంది. మొన్న రాత్రి విశాఖలో ఎన్‌ఏడీ కూడలి పైవంతెన ఎక్కుతుండగా వాన పట్టుకుని ముందు అద్దానికి ఆవిరి కమ్మితే, గాలిని అద్దం వైపు మళ్లించే నాబ్ ఏదో తెలియక చీకట్లో తడుముకోవలసి వచ్చింది. ప్యానెల్ ఎలాగూ విప్పాలి కనుక తెల్లని ఎల్‌ఈడీలు వేయిద్దామని, పనిలో పనిగా స్పీడోమీటరు వెనుక ఉన్నవన్నీ కూడా మార్పించేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. పాత బల్బు మీద 14 వోల్టులు, 1.4 వాట్లు అని రాసి ఉంది. ఇందులోని మంచిచెడ్డలు తెలిసినవారు చెప్పగలరు.

రుషికొండ_రాత్రి:
సందేహం అక్కర్లేదు మాస్టారూ, మార్పించేయండి. మీ బల్బు సుమారు 100 మిల్లీ ఆంపియర్లు తీసుకుని అందులో అధికభాగాన్ని వేడిగా వదిలేస్తుంది. ఎల్‌ఈడీకి 20 చాలు. నా కారు ప్యానెల్ నేనే విప్పాను. నాబ్‌లు చేత్తో లాగితే వచ్చేశాయి, వాటి వెనుక రెండు స్క్రూలు, ఆపైన హోల్డరును పావు చుట్టు తిప్పితే బల్బు చేతిలో ఉంది. ఇన్నేళ్ల వేడికి ఆ హోల్డరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అట్లకాడ అంచులా గోధుమరంగుకు మాడి ఉండడం కళ్లారా చూశాను. ఒక్కటి గుర్తుంచుకోండి: మీ పాత రకం, అంటే లోపలి సన్న తీగ వేడెక్కి వెలిగే ఫిలమెంట్ బల్బును ఎటు పెట్టినా వెలుగుతుంది, ఎల్‌ఈడీకి మాత్రం ప్లస్సు మైనస్సు ఉంటాయి, వెలగకపోతే హోల్డరును తిరగేసి పెట్టాలి. అన్నీ బిగించక ముందే లైట్లు వేసి చూసుకోండి. నేను చూసుకోక మొత్తం రెండోసారి విప్పాను.

ఆటోనగర్_తీగలు:
ఇరవై రెండేళ్లుగా బండ్ల వైరింగే నా వృత్తి. స్పీడోమీటరు వైపు వెళ్లవద్దని మాస్టారికి ముందుగానే మనవి చేస్తున్నాను. పాత కార్లలో బ్యాటరీ బొమ్మతో వెలిగే ఎర్ర దీపం ఉత్త దీపం కాదు; ఇంజను నడిచేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్; ఇంజను స్టార్టు కాగానే దాని ఫీల్డ్ కాయిల్‌కు, అంటే లోపల అయస్కాంతంగా పనిచేసే తీగచుట్టకు, తొలి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. దాని స్థానంలో ఎల్‌ఈడీ పెడితే వెళ్లే కరెంటు ఐదో వంతుకో పదో వంతుకో పడిపోయి, ఇంజనును ఒకసారి బాగా రేజ్ చేస్తే తప్ప ఆల్టర్నేటర్ లేవదు, చార్జింగు మొదలవదు. మా బావమరిది కారుకు ఒక షెడ్డులో అన్నీ ఎల్‌ఈడీలు చేశారు. అరకు నుంచి కుటుంబంతో వస్తూ అనంతగిరిలో టీకి ఆగి, మళ్లీ స్టార్టు చేసి, వానలో లారీల వెనుక నెమ్మదిగా ఘాట్ దిగేసరికి హెడ్‌లైట్లు, వైపర్లు కలిసి బ్యాటరీని తాగేశాయి. శృంగవరపుకోట చేరకముందే బండి ఆగిపోయింది. వెనుక సీట్లో ఏడాది పాప. ఎల్‌ఈడీల ఆదా అంటే నాకు ఆ రాత్రే గుర్తుకొస్తుంది.

ఉప్పుగాలి:
అసలు బల్బులు పోయాయని ఎవరు తేల్చారు? మా ఇల్లు లాసన్స్ బే దగ్గర. సముద్రపు గాలికి హోల్డరు రేకుల మీద పచ్చగా చిలుము పట్టి కాంటాక్టు పోతుంది, బల్బు నిక్షేపంలా ఉంటుంది. ముందు వాటిని పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూడండి.

బీచ్‌రోడ్డు_బాబు:
తెల్ల కాంతి అయితే కారు కొత్తదానిలా ఉంటుంది. మా ఇంట్లో అందరికీ అదే నచ్చింది.

రుషికొండ_రాత్రి:
తీగల గారూ, మాస్టారు అడిగింది ఏసీ నాబ్‌ల గురించి. ఆ ప్యానెల్‌కూ ఆల్టర్నేటర్‌కూ ఏ సంబంధమూ లేదు. చార్జింగు దీపం సంగతి మీరు చెప్పింది నిజమే కాని, దానికి సమాంతరంగా 100 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి కలిపితే పోయే కరెంటు మళ్లీ వస్తుంది. లేదంటే ఆ ఒక్క బల్బును మాత్రం పాతదే ఉంచితే సరిపోతుంది. ఒక దీపం పేరు చెప్పి మొత్తం ఎల్‌ఈడీలనే వద్దనడం ఏమి న్యాయం?

ఆటోనగర్_తీగలు:
సరే, ఏసీ ప్యానెల్ గురించే మాట్లాడుకుందాం. ఫిలమెంట్ కాంతి నలుదిక్కులా పరుచుకుంటుందని నమ్మి ఆ ప్యానెల్ లోపలి కాంతి దారులను తయారుచేశారు. ఎల్‌ఈడీ మొనలో నుంచి ముందుకే కొడుతుంది కనుక మధ్యలో చుక్కలాంటి మెరుపు, అంచుల్లో చీకటి మిగులుతాయి. ఫ్యాను గుర్తు కనిపిస్తుంది గాని అద్దం గుర్తు కనిపించదు. మాస్టారికి కావలసింది ఆ అద్దం గుర్తే. ఇక రంగు. అక్షరాల వెనుక ఆకుపచ్చ పొర గాని, బల్బుకు నీలం రబ్బరు టోపీ గాని ఉంటే, పసుపు కాంతిని లెక్కలో పెట్టుకునే వాటిని ఎంచారు. వాటిలో నుంచి తెల్ల ఎల్‌ఈడీ వస్తే పచ్చ కాదు, నీలం కాదు, పాదరసం దీపంలా పాలిపోయిన రంగు వస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ పెట్టారా, ఆకుపచ్చ పొర దాన్ని దాదాపు మింగేస్తుంది.

డ్యాష్‌బోర్డు వెలుతురును తగ్గించే డిమ్మరు మాట కూడా చెప్పాలి. పాత కార్లలో అది తీగ చుట్టిన రెసిస్టరు. అన్ని బల్బులూ కలిసి లాగే కరెంటును బట్టి అది వోల్టేజీని తగ్గిస్తుంది. బల్బులన్నీ ఎల్‌ఈడీలైతే లాగే కరెంటే ఉండదు కనుక చక్రం ఎంత తిప్పినా కాంతి తగ్గదు. కొన్నే మార్చారనుకోండి, మిగతావి మెల్లగా మందగిస్తుండగా, మూడు చిప్‌లు, అంటే వెలిగే చుక్కలు, వరుసగా కలిపిన ఎల్‌ఈడీ తొమ్మిది వోల్టుల దగ్గర టక్కున ఆరిపోతుంది.

మర్రిపాలెం_మాస్టారు:
ఈ ఉదయం ఒక హోల్డరు తీసి చూశాను. బల్బు గాజు లోపల నల్లగా మసి పట్టినట్టు ఉంది, వెంట్రుకంత తీగ రెండుగా తెగి ఒక ముక్క లోపల కదులుతోంది. కనుక బల్బే పోయింది. మా కారులో స్టీరింగు పక్కన డిమ్మరు చక్రం ఉంది, పొర రంగు లేత ఆకుపచ్చలా ఉంది.

ఉప్పుగాలి:
ఒక బల్బు పోయిందంటే ఒప్పుకుంటాను. రెండోది చూశారా? రేకుల మీద చిలుము ఉందా లేదా అన్నది ఇప్పటికీ చెప్పలేదు. హుద్‌హుద్ తుఫాను తర్వాత మా కారులో మార్చిన ప్రతి బల్బూ నిజానికి మంచిదేనని నాకు తర్వాత తెలిసింది.

రుషికొండ_రాత్రి:
చుక్కల మెరుపు ఒంటి చిప్ ఎల్‌ఈడీల సంగతి. చుట్టూ చిప్‌లున్నవి, పైన పాలరంగు మూత ఉన్నవి దొరుకుతున్నాయి. పసుపు ఛాయ తెలుపు కొంటే పొర రంగు కూడా చాలావరకు పాతదానిలాగే ఉంటుంది. ఇంజను నడిచేటప్పుడు 14 వోల్టులు, తెల్ల ఎల్‌ఈడీకి 3.2, మిగిలిన 10.8 వోల్టులను 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆపడానికి 560 ఓమ్‌ల అర వాటు రెసిస్టర్ చాలు. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒక ప్రశ్న అడుగుతాను, తీగల గారు కోప్పడకూడదు. ఆల్టర్నేటర్ లేవనప్పుడు ఆ చార్జింగు దీపం, ఎల్‌ఈడీ అయినా సరే, వెలుగుతూనే ఉండాలి. మీ బావమరిది గారు ఘాట్ పొడవునా దాన్ని చూడలేదా? చూసి కూడా నడిపితే తప్పు ఎల్‌ఈడీది ఎలా అవుతుంది? ఫిలమెంట్ బల్బులు ఏడాదికోసారి పోతే ఎవరి గల్లాపెట్టె నిండుతుందో కూడా ఆలోచించాలి.

ఆటోనగర్_తీగలు:
గల్లాపెట్టె మాట అన్నారు కనుక చెబుతున్నాను. ఆ చిన్న బల్బు మార్చినందుకు నాకు మిగిలేది టీ డబ్బులు. డ్యాష్‌బోర్డు మొత్తం ఎల్‌ఈడీలు చేసి ఇస్తే మిగిలేది దానికి పదింతలు. వద్దనడం వల్ల నష్టపోతున్నది నేనే.

బావమరిది దీపాన్ని ఎందుకు చూడలేదని అడిగారు. ఆ షెడ్డు నాదే. ఆ పని నా చేతులతో నేనే చేశాను. మీటర్లన్నిటికీ చల్లని తెలుపు పెట్టాను, డిమ్మరు పనిచేయడం లేదని తెలిసి కూడా చూడడానికి బాగుందని అలాగే ఇచ్చి పంపాను. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆ తెల్లని తళుకు పక్కన మిణుకుమంటున్న ఆ చుక్క అతని కంట పడలేదు. డ్యాష్‌బోర్డు వెలుతురు తగ్గించలేక, రోడ్డు కనబడడానికి చొక్కా జేబులోని రుమాలు తీసి మీటరు మీద కప్పుకుని నడిపాడట. రుమాలు కింద ఇక ఏ దీపం కనిపిస్తుంది? చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి, ఒక్క మెరుపుతో అది పోతుంది. అలా అలవాటుపడిన కంటికి నీలం కలిసిన తెలుపే మరింత గుచ్చుకుంటుంది. బీఎండబ్ల్యూ వారు ఏళ్ల తరబడి నారింజ ఎరుపునే వాడింది అందంకోసం కాదు.

రుషికొండ_రాత్రి:
గల్లాపెట్టె మాట తొందరపడి అన్నాను, ఏమీ అనుకోకండి.

అయితే మనిద్దరం ఇంతసేపూ రెండు వేరు రోడ్ల గురించి వాదించుకుంటున్నామని ఇప్పుడు అర్థమవుతోంది. నేను రాత్రి రెండింటికి ఆఫీసు వదిలి రుషికొండ నుంచి హనుమంతవాక మీదుగా మద్దిలపాలెం వస్తాను. దారి పొడవునా వీధి దీపాలు, హోటళ్ల బోర్డులు, ఎదురుగా బస్సుల హెడ్‌లైట్లు. ఆ వెలుగులో పాత పసుపు అంకెలు నాకు కనిపించేవే కావు. మీకు డ్యాష్‌బోర్డు మరుగున ఉండాలి, నాకు కనిపించాలి. తెలుపు మంచిదా పసుపు మంచిదా అన్న తగవు మనది కానే కాదు.

ఆటోనగర్_తీగలు:
మీ రోడ్డుకు మీ మాట నిజమే కావచ్చు. కాని నా షెడ్డుకు వచ్చే కారు ఏ రోడ్డు మీద నడుస్తుందో నాకు తెలియదు. ఈ రోజు బీచ్‌రోడ్డు, సంక్రాంతికి పాడేరు. తగ్గించగలిగిన వెలుతురునైతే ఎవరైనా పెంచుకుంటారు. తగ్గని వెలుతురును ఏం చేసుకుంటారు?

రుషికొండ_రాత్రి:
అందుకే డిమ్మరును కూడా మార్చమంటాను. ఎల్‌ఈడీలను సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తూ కాంతిని తగ్గించే చిన్న సర్క్యూట్లు ఉన్నాయి.

ఆటోనగర్_తీగలు:
మూడు బల్బుల కోసం ఇరవై ఏళ్ల వైరింగును కోయమంటారా? దీనికి మాత్రం నేను ఒప్పుకోను.

మర్రిపాలెం_మాస్టారు:
మీ ఇద్దరి మాటలూ రెండుసార్లు చదివాను. ముందే చెప్పవలసిన విషయం ఒకటి దాచాను. రెండేళ్ల క్రితం నాకు శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పటినుంచి నీలం ఛాయలు మునుపటికన్నా కొట్టొచ్చినట్టు తోస్తున్నాయి, ఎదురు బండ్ల తెల్ల దీపాలు మరీ గుచ్చుతున్నాయి. ఈ మాట మా అబ్బాయితో అంటే తాళాలు తీసి దాచేస్తాడని ఊరుకున్నాను. నేను వెళ్లేది సాయంత్రం పూట సింహాచలం కొండకు, పెందుర్తిలో మా చెల్లెలింటికి. ఎన్‌ఏడీ దాకా రుషికొండ గారి వెలుగు, పెందుర్తి దగ్గర పడ్డాక తీగల గారి చీకటి. కనుక స్పీడోమీటరు ముట్టుకోను. ఏసీ ప్యానెల్‌కు మాత్రం పాలరంగు మూత, పసుపు ఛాయ ఉన్న ఎల్‌ఈడీలు మూడు తెచ్చాను, ఆదివారం మా అబ్బాయి బిగిస్తాడు.

బీచ్‌రోడ్డు_బాబు:
పసుపు ఛాయ కొన్నాక ఎల్‌ఈడీ ఎందుకండీ!

మర్రిపాలెం_మాస్టారు:
ఆదివారం పని అయింది. మొదట రెండే వెలిగాయి, అద్దం గుర్తు వెనుకది వెలగలేదు. రుషికొండ గారి మాట గుర్తొచ్చి హోల్డరు తిరగేసి పెట్టాం, అప్పుడూ వెలగలేదు. ఇక పెన్సిల్ రబ్బరుతో రేకులు రుద్దితే వెలిగింది. చిలుము ఉంది, ఉప్పుగాలి గారు క్షమించాలి. డిమ్మరు చక్రాన్ని సగం దాటిస్తే మాత్రం ఈ మూడూ ఆరిపోతున్నాయి.

ఉప్పుగాలి:
నేను మొదటి రోజే చెప్పాను.

ఆటోనగర్_తీగలు:
సగానికి పైన తిప్పకండి, అంతే. బ్యాటరీ దీపం ముట్టుకోలేదు కదా?

మర్రిపాలెం_మాస్టారు:
ముట్టుకోలేదు.