సోడియం అయాన్ అంత చిన్నది కదా, కణం పొర ఎందుకు దాటలేదు?

రాత్రిచదువు:
చిన్న అణువులు కణత్వచాన్ని సులువుగా దాటతాయి, పెద్దవి దాటలేవు అని నోట్సులో ఉంది. మరి సోడియం అయాన్‌కి ప్రత్యేకంగా దారి కావాలంటారు, దానికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన కార్టిసాల్ హార్మోన్ మాత్రం ఎవరి సాయం లేకుండా లోపలికి వెళ్లిపోతుందట. సైజు లెక్కలోకి రాకపోతే మరి చూసేదేంటి? ఇంకోటి, గాఢత ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి అన్నీ వాటంతటవే వెళ్తుంటే కణం ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి పంపు నడపడం ఎందుకు?

కణంకబుర్లు:
ఆ వాక్యం ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ దాకా సరిపోతుంది, అయాన్ల దగ్గరికొచ్చేసరికి పనికిరాదు. పొరలో ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉంటాయి, తలలు నీటివైపు, తోకలు లోపలికి. ఆ తోకల భాగం సుమారు 3 నానోమీటర్ల మందమే, కానీ అదంతా నూనె. సోడియం అయాన్ నీటిలో ఒంటరిగా తిరగదు, దాని ధనావేశానికి నీటి అణువులు తమ ఆక్సిజన్ వైపుని తిప్పుకుని చుట్టూ అతుక్కుని ఉంటాయి. నూనెలోకి దిగాలంటే వాటిని వదిలించుకోవాలి, అందుకు చాలా శక్తి కావాలి. కార్టిసాల్ కొవ్వులో కరిగే రకం, దానికి ఆ బెడద లేదు.

పొరదాటి:
ఈ టాపిక్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఒకటుంది. పొటాషియం అయాన్ సోడియం కన్నా పెద్దది, అయినా పొటాషియం చానల్ (పొరలో దానికోసం ఉండే ప్రోటీన్ దారి) పెద్దదాన్ని పోనిచ్చి చిన్నదాన్ని ఆపేస్తుంది! 1998లో రోడరిక్ మెకినన్ బృందం దాని నిర్మాణం బయటపెట్టాక కారణం తెలిసింది. ఆ ఇరుకు దారి గోడల్లో ప్రోటీన్ తాలూకు ఆక్సిజన్ పరమాణువులు వరసగా ఉంటాయి. పొటాషియం తన చుట్టూ ఉన్న నీటిని వదిలేసినా, అవి సరిగ్గా ఆ నీళ్లున్నంత దూరంలోనే దాన్ని పట్టుకుంటాయి కాబట్టి దానికి నష్టం లేదు. సోడియం చిన్నది, వాటికి సరిగా అందదు, అందుకే నీళ్లను వదులుకోకుండా బయటే ఉండిపోతుంది.

రాత్రిచదువు:
ఇప్పుడు బాగా అర్థమైందండీ, థాంక్స్. మరి పంపు సంగతి?

కణంకబుర్లు:
గాఢతలో తేడా ఉన్నంత సేపే ఆ ప్రవాహం. బయట సోడియం లీటరుకి 145 మిల్లీమోల్స్ దాకా ఉంటే లోపల 12 చుట్టుపక్కల ఉంటుంది, పొటాషియం దీనికి తలకిందులు. ఆ తేడాని నిలబెట్టేది 1957లో యెన్స్ స్కౌ గుర్తించిన సోడియం పొటాషియం పంపు. ఒక ఏటీపీకి మూడు సోడియంలు బయటికి, రెండు పొటాషియంలు లోపలికి. దండగ ఖర్చనుకోకండి, నాడీకణం సిగ్నల్ పంపేది ఈ తేడాతోనే. పేగు కణాల్లో ఒక ప్రోటీన్, రెండు సోడియంలు లోపలికి వస్తుంటే వాటితోపాటే ఒక గ్లూకోజ్‌ని లాక్కొస్తుంది, వాటి వెనకే నీళ్లూ వస్తాయి. ఓఆర్‌ఎస్‌లో ఉప్పుతో పాటు గ్లూకోజ్ కూడా వేసేది అందుకే, కలరాలో సైతం ఈ దారి పనిచేస్తూనే ఉంటుంది. అదే పంపు ఆగిపోయిందంటే లోపల సోడియం పేరుకుని, నీళ్లు చేరి కణం ఉబ్బిపోతుంది.