కాచి యతకడమా, కాల్చి యతకడమా?

తిరుపతి నుంచి: "ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు" అనే వేమన పద్యంలో రెండో పాదం నా నోట "కాచి యతుకవచ్చు క్రమముగాను" అనే వస్తుంది. మొన్న చిత్తూరు సభలో ఒక వక్త "కాల్చి" అని చదివారు. రెండూ సూర్యగణాలే, "క్రమముగాను"తో యతి రెండింటికీ కుదురుతుంది కనుక ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. అర్థాన్ని బట్టి ఏది నిలుస్తుంది?

చిత్తూరు నుంచి: కాగు–కాచు, కాలు–కాల్చు వేరు వేరు జంటలు. కాచినప్పుడు పదార్థం ఉష్ణాన్ని గ్రహిస్తుంది, దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది, అయినా ఇనుము ఇనుముగానే ఉంటుంది; కాలడం రసాయనిక మార్పు, కాలినది వెనక్కి రాదు. అతకాలంటే వస్తువు మిగలాలి కదా, కాబట్టి "కాచి" తప్ప మరొకటి పొసగదు.

శ్రీకాళహస్తి నుంచి: అయ్యవారూ, "కర్రు కాల్చి వాత పెట్టడం" అన్నప్పుడు ఆ కర్రు ఎక్కడికి పోయింది? కుండలనూ ఇటుకలనూ కాలుస్తున్నాము, బూడిద చేయడం లేదు. పైగా కొలిమిలో ఎర్రబడిన ఇనుము పైపొర గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చిట్టెం కడుతుంది. అంటే కాచడమూ కాలడమూ ఒకే కడ్డీ మీద జరుగుతున్నాయి.

చిత్తూరు నుంచి: ఆ చిట్టెమే అతుకుకు అడ్డం! దాన్ని వదిలించడానికే కమ్మరి ఇసుకో వెలిగారమో (బోరాక్స్) చల్లుతాడు. ఇనుము కరిగేది 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద. కొలిమి అతుకు అంతకు ముందే, ఘనస్థితిలోనే, సమ్మెట దెబ్బతో పడుతుంది. కవి కోరినది కాగిన మెత్తదనమే.

పుత్తూరు నుంచి: మీరిద్దరూ "ఇనుమారు ముమ్మారు"ను, అంటే రెండు మూడు సార్లు అన్నదాన్ని, వదిలేశారు. ఇనుము విశిష్టోష్ణం (ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం) నీటి విశిష్టోష్ణంలో సుమారు తొమ్మిదో వంతే, అంటే అది దాచుకునే వేడి తక్కువ. పైగా ఎర్రగా కాగిన కడ్డీ వికిరణం ద్వారా ఉష్ణాన్ని త్వరగా పోగొట్టుకుంటుంది, కింద పెట్టి కొట్టే చల్లని ఇనుప దిమ్మె, దాగలి, దానికి తోడవుతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ కొలిమిలో పెట్టాలి. ఇక "క్రమముగాను" అన్నది ఉష్ణవహనం: పైనున్న వేడి లోపలికి చేరడానికి వ్యవధి కావాలి. వేమనకు రసవాదం తెలుసునని చెప్పే కథలు ఊరికే పుట్టలేదని నా నమ్మకం. అన్నట్టు, కొందరు "ఇరుమారు" అని దిద్దుతారు; "ఇనుమడి" అనే మాట విననట్టుంది.

తిరుపతి నుంచి: కథలు సరే అన్నా, పాఠం సంగతి చెప్పండి. 1829లో బ్రౌను దొర వేమన పద్యాలు అచ్చు వేయించాడు, ఆ ప్రతి ఎవరి దగ్గరైనా ఉందా?

శ్రీకాళహస్తి నుంచి: ప్రతి దొరికేలోగా ఇంకొకటి వినండి. రైలు పట్టాలను థర్మిట్ పద్ధతిలో అతికేటప్పుడు అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ చర్య జరిపి పుట్టించిన ఉష్ణంతో కరిగిన ఇనుమును సందులో పోస్తారు. ఆ లెక్కన "పోసి యతుకవచ్చు" అనకూడదా?

చిత్తూరు నుంచి: గణం సరిపోయింది, యతి పోయింది. పైగా పోసే ముందు పట్టాల కొసలను మంటతో కాచక తప్పదమ్మా.